ఇంగ్లిష్ సెంటెన్స్, పేరా కంప్లీషన్: ఆప్షన్లు మూసిపెట్టి సాధన చేయడం ఎలా

ముందు ఈ వాక్యం చూడండి.

"ఆల్దో ద విట్‌నెస్ వాజ్ నోన్ ఫర్ హిజ్ ......, హీ స్పోక్ ఫర్ మోర్ దాన్ ఎన్ అవర్ ఎట్ ది ఇంక్వైరీ."

ఆప్షన్లు: ఎలొక్వెన్స్, ఆనెస్టీ, రెటిసెన్స్, పంక్చువాలిటీ, ఎక్స్‌పీరియన్స్.

సాక్షి, విచారణ అన్న మాటలు కనబడగానే చెయ్యి ఆనెస్టీ మీదికి పోతుంది. గంటకు పైగా మాట్లాడాడంటే మాటకారి అయివుంటాడని ఎలొక్వెన్స్ మీదికీ పోతుంది. రెండూ తప్పే. ఆల్దో అన్న ఒక్క మాట వాక్యాన్ని రెండు ముక్కలు చేసి ఎదురెదురుగా నిలబెట్టింది. గంటకు పైగా మాట్లాడాడన్నది ఒక ముక్క. దానికి ఎదురు నిలవాల్సింది తక్కువ మాట్లాడే స్వభావం. రెటిసెన్స్ అంటే అదే.

రెటిసెన్స్ అర్థం తెలిసి కూడా ఈ ప్రశ్న తప్పు చేసేవాళ్లుంటారు. అర్థం తెలియకపోయినా, మిగతా నాలుగూ గంటసేపు మాట్లాడటానికి అడ్డం రావని కొట్టేసి సరైన జవాబు పెట్టేవాళ్లూ ఉంటారు. జవాబుకు ఆధారం వాక్యంలోనే ఉంటుంది కాబట్టి, ఆప్షన్లు కంటపడకముందే దాన్ని పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. వెయ్యి పదాల జాబితా బట్టీ వేసే పని ఆ తర్వాతే.

ఇక్కడ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. ప్రతి వాక్యాన్నీ నోట్‌బుక్‌లో ఇంగ్లిషులో రాసుకుంటూ చదవండి. స్పెల్లింగ్ ఎక్కడ తడబడుతోందో కూడా అక్కడే తేలిపోతుంది.

మీ పరీక్ష లెక్క ఏమిటి?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. నాలుగు విభాగాల 100 ప్రశ్నలకూ కలిపి 60 నిమిషాలు, అంటే సగటున ప్రశ్నకు 36 సెకన్లు. టైర్-2లో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు పోతుంది. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగాలకు జరిగే ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో వెర్బల్ విభాగం 24 ప్రశ్నలు, 40 నిమిషాలు. ఆప్షన్లున్న ప్రశ్నల్లో ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో కోత లేదు. ఈ అంకెలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి మీరు రాసే ఏడాది నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి.

ఇవి తెలిస్తే ఊహించి పెట్టడం ఎక్కడ లాభమో లెక్క కట్టవచ్చు. బ్యాంకు పరీక్షలో అయిదు ఆప్షన్లు. గుడ్డిగా అయిదు ప్రశ్నలు పెడితే సగటున ఒకటి తగిలి 1 మార్కు వస్తుంది, నాలుగు తప్పులకు 1 మార్కు పోతుంది. చేతికి సున్నా. అదే ఒక్క ఆప్షన్‌ను నమ్మకంగా కొట్టేయగలిగితే లెక్క లాభంలోకి వస్తుంది. సీజీఎల్ టైర్-1లో నాలుగే ఆప్షన్లు, కోత పావు వంతు. అక్కడ గుడ్డి ఊహకు కూడా కొద్దిపాటి లాభం ఉంది. టైర్-2లో, క్యాట్‌లో మళ్లీ సున్నా. ఐసెట్‌లో ఖాళీ వదలడం అంటే చేతిలో మార్కు పారేసుకోవడమే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, పాత పెళ్లి కార్డు లాంటి గట్టి అట్టముక్క ఒకటి. ఆ అట్టముక్క ఆప్షన్లు మూయడానికి.

ప్రశ్నలు ఎక్కడివన్నది ముఖ్యం. ఎస్‌ఎస్‌సీ పరీక్షల తర్వాత ఆన్సర్ కీ విడుదల చేస్తుంది. క్యాట్ పాత పేపర్లు అధికారికంగా విడుదలైనవే దొరుకుతాయి. ఐబీపీఎస్ ప్రశ్నపత్రాలు బయటపెట్టదు. బయట దొరికేవన్నీ అభ్యర్థులు గుర్తుపెట్టుకుని చెప్పగా కూర్చిన మెమరీ బేస్డ్ పేపర్లే. వాటిలో అడిగిన పద్ధతి నిజమే గానీ ఆప్షన్లు, కామాలు మారిపోయి ఉంటాయి. ఒక్క కామా పోయినా ఈ రకం ప్రశ్న చచ్చిపోతుంది. అందుకని పద్ధతి నేర్చుకునేటప్పుడు ఎస్‌ఎస్‌సీ, క్యాట్ పేపర్లు వాడండి. మెమరీ బేస్డ్ పేపర్లు వేగం పెంచుకోవడానికి దాచుకోండి.

ఒక్క ఖాళీ వాక్యం చేసే క్రమం

ఆప్షన్ల మీద అట్టముక్క పెట్టండి. వాక్యాన్ని మొదటి నుంచి చివరి వరకు, ఖాళీ దగ్గర "ఏదో" అనుకుంటూ చదవండి. ఖాళీ దాకా చదివి ఆగిపోవడం మొదటి తప్పు. ఆధారం చాలాసార్లు ఖాళీ తర్వాతే ఉంటుంది.

రెండోసారి చదువుతూ దిశ చూపే మాటకు గీత గీయండి. ఆల్దో, డిస్పైట్, యెట్, వేరాజ్, నాన్‌దలెస్ వంటివి ఎదురు తిప్పుతాయి. హెన్స్, దేర్‌ఫోర్, సో దట్ వంటివి అదే దారిలో తీసుకెళ్తాయి. సెమీకోలన్, కోలన్ కూడా దిశ చూపేవే. కోలన్ తర్వాత వచ్చేది ముందున్న దాని వివరణ. సెమీకోలన్ పక్కన హవెవర్ లాంటి మాట లేకపోతే రెండో భాగం సాధారణంగా మొదటి భాగాన్నే కొనసాగిస్తుంది.

మూడోది, దాక్కుని "కాదు" అనే మాటలు పట్టుకోవడం. నాట్, నో అన్నవి అందరికీ కనబడతాయి. ఫార్ ఫ్రమ్, ఎనీథింగ్ బట్, హార్డ్లీ, సెల్డమ్, టూ అన్న మాట తర్వాత వచ్చే టు, ఎ లేకుండా వచ్చే ఫ్యూ: ఇవి కనబడవు. "హర్ రిమార్క్స్ వర్ ఫార్ ఫ్రమ్ ఫ్లాటరింగ్; దే వర్, ఇన్ ఫ్యాక్ట్, ......" అన్న వాక్యంలో ఫ్లాటరింగ్ ఒక్కటే కంటికి ఆని కాంప్లిమెంటరీ పెట్టేస్తారు. ఫార్ ఫ్రమ్ ఉంది కాబట్టి ఆమె మాటలు పొగడ్తకు ఆమడ దూరం. ఇన్ ఫ్యాక్ట్ దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తోంది. ఇన్సల్టింగ్ లాంటి మాట కావాలి.

ఇప్పుడు ఖాళీలో మీ సొంత మాట రాయండి. ఇంగ్లిషులో తట్టకపోతే తెలుగులోనే రాయండి. "అవమానకరం", "ముక్తసరి", "మొండి" అని రాసినా చాలు. అదీ తట్టకపోతే మంచి మాటైతే ప్లస్, చెడ్డదైతే మైనస్ గుర్తు పెట్టండి. ఆ తర్వాతే అట్టముక్క తీయండి. మీ మాటకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, ఖాళీలో పెట్టి మొత్తం వాక్యం ఒకసారి లోలోపల చదవండి.

మొదటి వారం ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది. ఒక్కో వాక్యానికి రెండు నిమిషాలు పట్టినా కంగారు పడొద్దు. ఈ దశలో స్టాప్‌వాచ్ పెడితే పాత అలవాటే తిరిగొస్తుంది.

రెండు ఖాళీలుంటే రెండోదానితో మొదలుపెట్టి చూడండి. "ద రిపోర్ట్ ఈజ్ సో ...... దట్ ఈవెన్ ఎక్స్‌పర్ట్స్ హావ్ ...... టు అండర్‌స్టాండ్ ఇట్." జంటలు: లూసిడ్, స్ట్రగుల్డ్; కాన్వొల్యూటెడ్, మేనేజ్డ్; కాన్వొల్యూటెడ్, స్ట్రగుల్డ్; బ్రీఫ్, రిఫ్యూజ్డ్. మొదటి ఖాళీ ఒక్కటే చూస్తే మూడు మాటలూ సరిపోయేలానే ఉంటాయి. రెండో ఖాళీ పక్కన ఈవెన్ ఎక్స్‌పర్ట్స్ ఉంది. "నిపుణులు సైతం" అన్నాక ఇబ్బంది పడ్డారనే రావాలి. మేనేజ్డ్, రిఫ్యూజ్డ్ పోయాయి. మిగిలింది లూసిడా, కాన్వొల్యూటెడా అన్నదే. తేటగా ఉన్న నివేదికకు నిపుణులు ఇబ్బంది పడరు కదా.

వ్యాకరణం ఖాళీలు: తెలుగు మనల్ని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

అర్థంతో పనిలేకుండా వ్యాకరణంతోనే తేలిపోయే ఖాళీలు చాలా వస్తాయి. వీటిలో తెలుగు మాట్లాడేవాళ్ల తప్పులకు ఒక వరస ఉంటుంది. ఆ వరస తెలిస్తే జాగ్రత్త పడటం తేలిక.

"2019 నుంచి పని చేస్తోంది", "ఆరేళ్ల నుంచి పని చేస్తోంది" అని మనం రెండు చోట్లా నుంచి అనే అంటాం. ఇంగ్లిషులో మొదలైన సమయానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. పైగా మనకు "చేస్తోంది" ఒక్కటి చాలు. దాన్నే మనసులో పెట్టుకుని ఈజ్ వర్కింగ్ సిన్స్ 2019 అన్న ఆప్షన్‌ను ఎంచుకుంటాం. సరైనది హాజ్ బీన్ వర్కింగ్. సిన్స్ కనబడగానే వెనక్కి వెళ్లి హాజ్, హావ్, హాడ్‌లలో ఒకటి ఉందో లేదో చూడటం అలవాటు కావాలి.

"చెప్పినా కానీ వినలేదు" తెలుగులో చక్కగా అమరుతుంది. ఇంగ్లిషులో ఆల్దో ఉంటే బట్ రాదు. కావాలంటే యెట్ రావచ్చు, లేదా కామా చాలు. అన్‌లెస్‌లో "కాకపోతే" అన్న అర్థం ముందే కలిసి ఉంది, కాబట్టి దాని తర్వాత డజంట్ పెడితే రెండుసార్లు కాదన్నట్టు. "సోమవారం వరకు ఇవ్వండి" అని మనం అంటున్నది నిజానికి "సోమవారం కల్లా" అని. అక్కడ బై రావాలి. ఆ సమయం దాకా సాగే పనికే అంటిల్.

ప్రిపొజిషన్లు మరీ మోసం. అతని మీద కోపం అంటాం కాబట్టి ఆంగ్రీ ఆన్ అనిపిస్తుంది. ఆంగ్రీ విత్ సరైనది. దాని గురించి చర్చించారు కాబట్టి డిస్కస్డ్ అబౌట్ వస్తుంది. డిస్కస్ తర్వాత ఏ ప్రిపొజిషనూ రాదు. సమావేశానికి హాజరయ్యారు కాబట్టి అటెండెడ్ టు ద మీటింగ్ వస్తుంది. అక్కడా టు అక్కర్లేదు. నాకంటే సీనియర్ అన్న చోట దాన్ కాదు, టు. ఇన్సిస్ట్ తర్వాత ఆన్, ప్రివెంట్ తర్వాత ఫ్రమ్, లుక్ ఫార్వర్డ్ టు తర్వాత ఐఎన్‌జీ రూపం.

జంట మాటలు కొన్ని కళ్లు మూసుకుని రావాలి: నో సూనర్ ఉంటే దాన్, హార్డ్లీ లేదా స్కేర్స్లీ ఉంటే వెన్, నాట్ ఓన్లీ ఉంటే బట్ ఆల్సో, లెస్ట్ ఉంటే షుడ్. నో సూనర్ కనబడిన చోట ఆప్షన్లలో వెన్, దాన్ రెండూ ఉంచడం పేపర్ సెట్ చేసేవాళ్లకు మహా సరదా.

అర వాక్యం పూర్తి చేసే ప్రశ్నల్లో, అంటే మొదటి సగం ఇచ్చి రెండో సగం అడిగినప్పుడు, రెండు విషయాలు చూస్తే చాలావరకు తేలిపోతాయి. ఇఫ్ తర్వాత హాడ్, దాని వెంట క్రియ మూడో రూపం ఉంటే రెండో సగంలో వుడ్ హావ్ లాంటిది ఉండాలి. వాక్యం "వాకింగ్ డౌన్ ద రోడ్" లాంటి ముక్కతో మొదలైతే, కామా తర్వాత మొదటి మాట ఆ నడిచిన మనిషి అయి తీరాలి. "వాకింగ్ డౌన్ ద రోడ్, ద టెంపుల్ కేమ్ ఇంటు వ్యూ" అంటే గుడి నడుచుకుంటూ వెళ్లినట్టు.

క్లోజ్ టెస్ట్

పేరాలోని ఖాళీలు పూరించే క్లోజ్ పద్ధతిని 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రతిపాదించాడు. అభ్యర్థిని పరీక్షించడానికి కాదు, ఒక రచన చదవడానికి ఎంత సులువుగా ఉందో కొలవడానికి. వరస లెక్కన మాటలు తీసేసి, చదివేవాళ్లు ఎన్ని సరిగ్గా పూరిస్తారో చూడటమే ఆ పద్ధతి. ఇది మనకెందుకంటే, ఇంట్లో సాధనకు దీనికి మించిన ఉపాయం లేదు. పత్రిక వ్యాసంలోంచి 150 మాటల ముక్క తీసుకుని, ప్రతి ఏడో మాటనూ కొట్టేయమని పక్కవాళ్లకు ఇవ్వండి. ఆప్షన్లు ఉండవు. ఇరవై దాకా ఖాళీలు వస్తాయి. అచ్చం అదే మాట రాకపోయినా, అర్థమూ వ్యాకరణమూ సరిపోతే ఒప్పుగా వేసుకోండి.

పరీక్షలో వచ్చే క్లోజ్‌లో మొదటి ఖాళీ దగ్గరే కూర్చోవద్దు. ముప్పై, నలభై సెకన్లలో మొత్తం ఒకసారి చదివి, విషయం ఏమిటో, రచయిత మెచ్చుకుంటున్నాడా తిడుతున్నాడా అన్నది పట్టుకోండి. ఖాయంగా తెలిసినవి ముందు నింపండి. మొదటి చుట్టులో తెలియని రెండో ఖాళీకి జవాబు చాలాసార్లు నాలుగో వాక్యంలో దొరుకుతుంది.

పేరా కంప్లీషన్

ఇక్కడ పదజాలం పాత్ర తక్కువ, తర్కం పాత్ర ఎక్కువ. అందుకే ఒక పేరా సారాన్ని తెలుగులోనే పెట్టి చూద్దాం. చివరి వాక్యం మీరు ఎంచుకోవాలి.

"కాకతీయుల కాలం నాటి చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అందువల్ల ఒక్క చెరువు ఆక్రమణకు గురైతే నష్టం ఆ ఊరితో ఆగదు. ......"

అ) చెరువుల్లో చేపల పెంపకం గ్రామాలకు మంచి ఆదాయం.
ఆ) కాబట్టి చెరువు పక్కన ఎవరూ ఎన్నడూ ఏ కట్టడమూ కట్టరాదు.
ఇ) దాని అలుగు మీద ఆధారపడిన కింది చెరువులకూ నీటి రాక తగ్గుతుంది.
ఈ) ఈ చెరువులు ఒకదానితో ఒకటి కలిసి ఉండటం వాటి ప్రత్యేకత.
ఉ) నీరే నాగరికతలన్నిటికీ మూలం.

అట్టముక్క పెట్టి చేసి ఉంటే, మూడో వాక్యం చదవగానే "మరి ఎక్కడిదాకా పోతుంది?" అన్న ప్రశ్న మీ మనసులో లేచి ఉండాలి. చివరి వాక్యం ఆ ప్రశ్నకు జవాబు. ఇ ఒక్కటే ఆ పని చేస్తోంది. మిగతా నాలుగూ పరీక్షల్లో పదేపదే ఎదురయ్యే నాలుగు రకాల ఎరలు. అ అనేది అదే వస్తువు మీద కొత్త విషయం ఎత్తుకుంది. పేరా ముగిసే చోట కొత్త కథ మొదలుకాదు. ఆ అనేది పేరా అననంత దూరం వెళ్లింది; ఆల్వేజ్, నెవర్, ఓన్లీ, మస్ట్ ఉన్న ఆప్షన్‌ను రెండోసారి తరచి చూడండి. ఈ అనేది మొదటి వాక్యాన్నే తిరగేసి చెప్పింది. ఉ అనేది మరీ వెడల్పు, ఏ పేరా చివరనైనా అతికించవచ్చు. ఎక్కడైనా అతికేది ఇక్కడి జవాబు కాదు.

ఎక్కువమంది పడేది ఈ, ఉ రకాల్లోనే. స్కూల్లో వ్యాసం చివర సారాంశమో సూక్తో రాయడం అలవాటై, పరీక్ష పేరా కూడా అలాగే ముగుస్తుందని ఎదురుచూస్తాం.

క్యాట్‌లో 2022 నుంచి ఇంకో రకం వస్తోంది. ఒక వాక్యం విడిగా ఇచ్చి, పేరాలోని నాలుగు ఖాళీల్లో అది ఎక్కడ ఇముడుతుందో చెప్పమంటారు. దీనికి రెండు కొక్కేల పద్ధతి పెట్టుకోండి. ఇచ్చిన వాక్యంలో వెనక్కి తగులుకునే కొక్కెం ఏది? దాని తర్వాత రావాల్సిన వాక్యం దీన్ని ఏ కొక్కెంతో పట్టుకుంటుంది? రెండూ తగులుకోవాలి.

ఇచ్చిన వాక్యం: "ఈ జాప్యానికి ఒక కారణం, బ్యాంకులు అంతకుముందే ఎక్కువ వడ్డీకి తీసుకున్న డిపాజిట్లు."

పేరా: [1] "రిజర్వు బ్యాంకు రెపో రేటు తగ్గించగానే అప్పులున్నవాళ్లు తమ వడ్డీ తగ్గుతుందని ఆశపడతారు. [2] కొన్ని రుణాల వడ్డీలు మాత్రం అంత వెంటనే దిగవు. నెలలు కూడా పట్టవచ్చు. [3] వాటి గడువు తీరేదాకా పాత వడ్డీ కట్టక తప్పదు. [4]"

"ఈ జాప్యం" అనాలంటే జాప్యం ముందే కనబడి ఉండాలి. నెలలు పట్టవచ్చు అన్న వాక్యం తర్వాతే అది సాధ్యం. కాబట్టి 1, 2 పోయాయి. 3, 4 మిగిలాయి. "వాటి గడువు" అన్నది దేని గడువు? పేరాలో ఉన్న రుణాలదే అనుకుంటే, రుణం గడువు తీరేదాకా బ్యాంకు వడ్డీ కట్టడం ఏమిటి? డిపాజిట్ల మాట దానికి ముందే రావాలి. జవాబు 3. మొదటి కొక్కెం ఒక్కటే చూసినవాళ్లు 4 పెట్టి, తమ తప్పేమిటో తెలియక ఆన్సర్ కీనే అనుమానిస్తారు.

ఇంగ్లిష్ పేరాలో కొక్కేలుగా పనికొచ్చేవి దిస్, దీజ్, సచ్, ఇట్, దే, అనదర్, ఆల్సో, హవెవర్. వీటిని పట్టుకోవడం మనకు అలవాటే. మన కన్ను జారవిడిచేది ఎ, ద లను. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి చదివేటప్పుడు మెదడు వాటిని పొల్లులా తీసి పక్కన పెట్టేస్తుంది. ఎ ఫార్మర్ అంటే రైతు మొదటిసారి ప్రవేశిస్తున్నాడు. ద ఫార్మర్ అంటే సాధారణంగా ఆ రైతు మనకు ముందే పరిచయమయ్యాడు. తారుమారు చేసిన వాక్యాలను వరసలో పెట్టమనే పేరా జంబుల్స్‌లో ఈ ఒక్క ఆధారంతోనే రెండు వాక్యాల వరస తేలిపోతుంటుంది. రెండు వారాలపాటు మీరు చదివే ప్రతి పేరాలో ద మాటకు పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఏది ముందే తెలిసింది?" అని అడుగుతూ వెళ్లండి. విసుగు పుడుతుంది, ఫలితమూ ఉంటుంది.

రోజూ పేరా సాధనకు ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం ఒకటి తీసుకోండి. ఏదో ఒక పేరా చివరి వాక్యాన్ని అట్టముక్కతో మూసి, మీరే ఒక వాక్యం ఇంగ్లిషులో రాసి, తర్వాత తీసి పోల్చుకోండి. మాటలు కలవాల్సిన పనిలేదు. దిశ కలిసిందా లేదా అన్నదే చూడండి. రోజుకు రెండు పేరాలు చాలు. అయిదారు చేస్తే చివరివి మొక్కుబడి అవుతాయి.

తప్పుల పుస్తకం

తప్పు చేసిన ప్రతి ప్రశ్ననూ నోట్‌బుక్‌లో చేత్తో రాయండి. నాలుగు గళ్లు: వాక్యం, నేను పెట్టింది ఎందుకు పెట్టాను, వాక్యంలో ఉన్న ఆధారం, తప్పు రకం. రకానికి ఒక్క అక్షరం చాలు. పదం తెలియకపోతే ప, వ్యాకరణమైతే వ, దిశమాట చూడకపోతే ది, తొందరైతే తొ. "నేను ఎందుకు పెట్టాను" అన్న గడిని ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది. నిజానికి పనికొచ్చేది అదే. ఊహించి పెట్టగా ఒప్పైనవి కూడా ఇందులోకే రావాలి. వాటిని ఒప్పుల్లో కలిపేసుకోవడం వల్ల మాక్ టెస్టు మార్కులు ఒక వారం పెరిగి మరో వారం పడిపోతుంటాయి.

రాసిన ప్రశ్నను మూడు రోజుల తర్వాత ఒకసారి, పది రోజుల తర్వాత ఒకసారి జవాబు మూసి చేయండి. ఆదివారం అక్షరాలు లెక్కపెట్టండి. ది ఎక్కువుంటే కొత్త పదాలు నేర్చుకోవడం ఆ వారానికి ఆపి, చదివే ప్రతి వాక్యంలో దిశమాటకు గీత గీయండి. వ ఎక్కువైతే ఒకే అంశం, ఉదాహరణకు ప్రిపొజిషన్లు, వారమంతా చేయండి. తొ ఎక్కువైతే అదనంగా చదవాల్సిందేమీ లేదు. ప్రయత్నించే ప్రశ్నలు తగ్గించుకోవాలి.

ప ఎక్కువైన వాళ్లు రోజుకు ఎనిమిది మాటలకు మించి పెట్టుకోవద్దు. మాటను ఒంటరిగా కాక దాని తోడుతో నేర్చుకోండి. హెవీ రెయిన్ అంటారు, స్ట్రాంగ్ రెయిన్ అనరు. కమిట్ ఎ క్రైమ్ అంటారు, డూ ఎ క్రైమ్ అనరు. ఫిల్లర్లలో, అంటే ఖాళీ పూరించే ప్రశ్నల్లో, అయిదు ఆప్షన్లూ దగ్గరి అర్థాలే ఉన్నప్పుడు కాపాడేది ఈ తోడే. దగ్గరగా వినబడే జంటలను పక్కపక్కనే రాయండి: ఎమినెంట్, ఇమినెంట్; ఎడ్వర్స్, ఎవర్స్; ఎలిసిట్, ఇల్లిసిట్. వీటిని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో, ఒక్కోదానికి ఒక సొంత వాక్యంతో రాస్తేనే తేడా నిలుస్తుంది.

ఆరు వారాల కొలత

మొదటి రెండు వారాలు రోజుకు గంట: పదిహేను వాక్యాలు, ఒక క్లోజ్, రెండు పేరాలు, చివరి పది నిమిషాలు తప్పుల పుస్తకం. స్టాప్‌వాచ్ వద్దు. పదిహేనులో పన్నెండు ఆధారంతో సహా ఒప్పు వచ్చేదాకా ఇదే దశ, మూడో వారంలోకి పాకినా ఫర్వాలేదు.

తర్వాతి రెండు వారాలు అదే పని స్టాప్‌వాచ్‌తో. ఒక ఖాళీ వాక్యానికి 30 సెకన్లు, రెండు ఖాళీలకు 45, అయిదు ఖాళీల క్లోజ్‌కు 3 నిమిషాలు, పేరా కంప్లీషన్‌కు 75 సెకన్లు. క్యాట్ రాసేవాళ్లయితే పేరాకు 2 నిమిషాల దాకా పోవచ్చు. గడువు దాటితే వదిలేయడం కూడా సాధన చేయాల్సిందే. "ఇంకో పది సెకన్లు" అనుకున్న ప్రతిసారీ రెండు సులువైన ప్రశ్నలు చేజారుతాయి.

చివరి రెండు వారాలు రోజు విడిచి రోజు పూర్తి ఇంగ్లిష్ విభాగం, మీ పరీక్ష అసలు సమయంలో, కంప్యూటర్ మీద. ఫోన్‌లో చేస్తే పేరా మొత్తం ఒకేసారి కంటికి కనబడదు. పైకీ కిందికీ జరుపుతూ కొక్కేలు వెతకడం వేరే రకం పని. మధ్య రోజుల్లో తప్పుల పుస్తకమే చదవండి.

పరీక్ష హాల్లో

ముందు వ్యాకరణం ఖాళీలు, ఒక ఖాళీ వాక్యాలు, తర్వాత క్లోజ్, చివరగా పేరా. మీకు పేరాలు బాగా వస్తే తిరగేసుకోండి. ఆప్షన్ పెట్టాక కొత్త ఆధారం కనబడితేనే మార్చండి. "ఎందుకో ఇంకోటి బాగుంది" అనిపించడం ఆధారం కాదు.

స్క్రీన్ మీద అట్టముక్క పెట్టనివ్వరు కదా అన్న సందేహం రావచ్చు. ఎడమ అరచెయ్యి ఆప్షన్ల మీద అడ్డంగా పెట్టండి. అది కూడా ఇబ్బందిగా ఉంటే, రఫ్ షీటు మీద మీ సొంత మాట రాసేదాకా చూపు ప్రశ్న చివరి చుక్క దగ్గరే ఆపండి.